రెండు పట్టీల బ్యాగు

అత్తగారి మీద అఫ్నాన్‌కి ఫిర్యాదు అంటూ ఒకటి లేదు. ఒకటే ఉండి ఉంటే కాపురం ఎంతో సుఖంగా సాగిపోయేది.

అత్తగారిని అందరూ పిలిచేది ఉమ్ రాకాన్ అని. అంటే రాకాన్ తల్లి; ఆ రాకానే అఫ్నాన్ మొగుడు. అసలు పేరు మొదీ. హుఫూఫ్ అనే ఆ ఎడారి ఊళ్లో ఆవిణ్ణి ఆ పేరు పెట్టి పిలిచే ధైర్యం ఉన్నవాళ్లంతా ఎప్పుడో పోయారు. కోడలు చేసే పనిలో సగం పని తనదేనని ఆవిడ గట్టి నమ్మకం. అఫ్నాన్ పెళ్లిళ్లలో ఆడవాళ్ల వైపు ఫోటోలు తీస్తుంది. ఆడవాళ్ల హాల్లోకి మగపురుగుని రానివ్వరు, వచ్చినవాళ్ల ఫోన్లు గుమ్మంలోనే లాక్కుంటారు. పెళ్లి మొత్తానికీ కెమెరా అన్నది అఫ్నాన్ చేతిలోనే ఉంటుంది. అలాంటి చోటికి మొదటిసారి వెళ్లేటప్పుడు, "కొత్తపిల్లవి, పరాయివాళ్ల మధ్యకి ఒక్కదానివే ఎలా వెళ్తావ్?" అని అత్తగారు తోడొచ్చింది. రెండో పెళ్లికి బ్యాగు పట్టుకుంది. ఆ తర్వాత బ్యాగునీ వదల్లేదు, బ్యాగు పేరు చెప్పి కోడల్నీ వదల్లేదు.

బ్యాగుని ఒళ్లో పెట్టుకుని ముందు వరసలో కూచుంటుంది. అక్కణ్ణుంచి ఆజ్ఞలు. "ఆ లావుపాటావిణ్ణి పక్కకి జరగమను, పెళ్లికూతురు కనపడి చావట్లేదు." ఆ లావుపాటావిడ పెళ్లికొడుకు తల్లి అయినా సరే, గొంతు తగ్గించేది కాదు. ఎవరైనా, "మీరు కూడా ఫోటోలు తీస్తారా?" అని అడిగితే, "తీసేది పిల్ల, తీయించేది నేను" అనేది.

అంతవరకూ అఫ్నాన్ పళ్లు నూరుకుంటూ సర్దుకుపోయింది. కిందటి నెల ఒక పెళ్లిలో మాంసం కలిపిన ఎర్రన్నం చాలా బాగుందని, కొడుక్కి పట్టుకెళ్దామని, ఉమ్ రాకాన్ రేకు కాగితంలో ఓ పొట్లం కట్టి, బ్యాగులో లెన్సు ఉండాల్సిన అరలో పెట్టింది.

"లెన్సు ఏదత్తయ్యా?"

"పక్కన పెట్టాను. దాన్నెవరు తింటారు?"

ఎవరూ తినలేదు. కానీ కొవ్వు కారి, అరలన్నీ తడిసి, లెన్సుకి అంటింది. గబగబా తుడిచి తీసినా, ఆ పెళ్లికూతురు ప్రతి ఫోటోలోనూ నెయ్యి రాసిన చందమామలా వచ్చింది. ఆవిడ తల్లి ఫోన్ చేసి అన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. ఆ బ్యాగుకి పట్టిన వాసన ఎన్నిసార్లు కడిగినా పోలేదు.

అందుకే కొత్త బ్యాగు. అదీ తొందరగా కావాలి, ఎందుకంటే ఖర్జూరం వ్యాపారుల ఇంటి పెళ్లి దగ్గరపడింది. పెళ్లికూతురి తల్లి లులువాకి ఇంకా పెళ్లికాని కూతురుంది, చెల్లెళ్లున్నారు, ఆ చెల్లెళ్లకీ కూతుళ్లున్నారు. ఈ ఒక్క పెళ్లి బాగా తీస్తే ఆ ఇంటి పెళ్లిళ్లన్నీ అఫ్నాన్‌వే. కొవ్వు ఫోటోల కబురు ఊళ్లో ఇంకా పాకుతూనే ఉంది కాబట్టి, ఇది చెడితే ఇక కెమెరా పెట్టెలో పెట్టి ఎర్రన్నం వండుకోవడమే.

అబూ నాసర్ కెమెరాల దుకాణానికి అత్తాకోడళ్లిద్దరూ కలిసే వెళ్లారు. రావద్దని అఫ్నాన్ అనలేదు. వద్దంటే ముందుగా వెళ్లి కార్లో కూచునే మనిషి ఆవిడ.

ఉమ్ రాకాన్ వెళ్తూనే చక్రాల పెట్టె ఒకటి చూసుకుని దాని పిడి పట్టుకుంది. "ఇది బాగుంది. లాక్కుంటూ పోవచ్చు. అవసరమైతే మీద కూచోవచ్చు."

"పాలరాయి మీద గడగడలాడుతుంది అత్తయ్యా. పెళ్లికూతురు మెల్లగా నడిచొస్తుంటే వెనక మనం సామాను బండిలా రావాలా?"

"అయితే ఇదిగో, తోలుది. భుజానికి వేసుకునేది. దర్జాగా ఉంది."

"ఒక భుజానికే బరువంతా. రెండు కెమెరాలు, మూడు లెన్సులు, లైటు, బ్యాటరీలు. సగం పెళ్లికే భుజం పడిపోతుంది."

"నీ భుజమా? మోసేది నా భుజమైతే పడిపోయేది నీదెలా అవుతుంది?"

అఫ్నాన్ పై అరలోంచి వీపుకి వేసుకునే బూడిదరంగు బ్యాగు దింపించింది. రెండు వెడల్పాటి పట్టీలు, నడుముకి ఒక బెల్టు, గుండె మీద ఇంకో చిన్న బెల్టు. లోపల కదపడానికి వీలైన మెత్తటి అడ్డాలు. ఏ లెన్సు ఎంత పొడుగుంటే అర అంత. అబూ నాసర్ దాన్ని బల్ల మీద పెట్టి పెళ్లిపిల్లని చూపించినట్టు అటూ ఇటూ తిప్పాడు. ఉమ్ రాకాన్ కళ్లద్దాలు పెట్టుకుని, జిప్పు కోసం చుట్టూ తడిమింది.

"దీనికి నోరెక్కడయ్యా?"

"వెనకాల ఉందమ్మా. వీపుకి ఆనుకునే వైపు. మనం వేసుకుని ఉన్నంతసేపూ దొంగ తెరవలేడు."

"వీపున నోరున్న జీవిని దేవుడు కూడా పుట్టించలేదు. దీన్నెవరు పుట్టించారు?"

"చైనావాళ్లు."

"లోపల ఈ పసుపు గుడ్డేంటి?"

"వాన తొడుగు."

"హుఫూఫ్‌లో వానా!" అని ఆవిడ దుకాణంలో ఉన్న మిగతావాళ్ల వైపు తిరిగి, వాళ్లందరూ నవ్వేదాకా ఆగింది. తర్వాత కోడలి వైపు తిరిగింది. "ఇంతకీ దీన్నెవరు మొయ్యాలి?"

"నేనే."

"ఫోటోలు తీసేటప్పుడు?"

"అప్పుడూ నా వీపునే ఉంటుంది. రెండు పట్టీలు కదా, చేతులు రెండూ ఖాళీ."

"మరి నా చేతులు?"

ఈ ప్రశ్న కోసమే అఫ్నాన్ నెల్లాళ్లుగా కాచుక్కూచుంది. "మీ చేతులూ ఖాళీయే అత్తయ్యా. ఇక హాయిగా ఇంట్లో కూచోండి."

అబూ నాసర్ టీ గ్లాసులు తుడవడం మొదలెట్టాడు. అవి అప్పటికే తళతళలాడుతున్నాయి.

ఉమ్ రాకాన్‌కి పెళ్లిళ్లకి పిలుపులు ఒకప్పుడు దండిగా వచ్చేవి. ఆవిడ ఈడువాళ్లు పోయేకొద్దీ, ఆవిడ నోరు పదునెక్కేకొద్దీ, అవి తగ్గిపోయాయి. బ్యాగు మోసే మనిషికి కార్డు అక్కర్లేదు. బీరువాలోంచి ముదురాకుపచ్చ గౌను తీసి, గాజులు వేసుకుని, ఊదు పొగ పట్టించుకుని బయలుదేరే ఆ వారానికో రోజే ఆవిడకి వారం. మిగతా రోజులు ఆ రోజు గురించి చెప్పుకోవడానికి. అఫ్నాన్‌కి ఇది తెలియక కాదు. తెలిసే, బ్యాగు కట్టించుకుంది.

ఆ రోజునుంచి ఇంట్లో యుద్ధం. ఉమ్ రాకాన్ కోడలితో మాట్లాడటం మానేసింది, కానీ కోడలికి వినపడేలా చెల్లెలికి ఫోన్ చెయ్యడం మానలేదు. "నన్ను పనిలోంచి తీసేశారే. ఎవరా? ఓ బ్యాగు. చైనా బ్యాగు. దానికి పట్టీలున్నాయట, నాకు లేవు. అదీ నా లోపం." అఫ్నాన్ కూడా తక్కువ తినలేదు. భోజనాల దగ్గర బ్యాగుని తన పక్క కుర్చీలో, అత్తగారి కుర్చీలో, కూచోబెట్టింది. రాకాన్ ఇద్దరి వాదనా విని, "ఇద్దరు చెప్పేదీ నిజమే" అన్నాడు. ఆ ఒక్క పూటా అత్తాకోడళ్లు ఒకటై అతని మీద పడ్డారు. అతను మళ్లీ ఆ ప్రయత్నం చెయ్యలేదు.

పెళ్లిరోజు అఫ్నాన్ ఒక్కతే కారు నడుపుకుంటూ వెళ్లింది. అత్తగారు గుమ్మంలోకి కూడా రాలేదు. అది కాస్త అనుమానించాల్సిన విషయమే గానీ, సంతోషంలో ఉన్నవాళ్లు అనుమానించరు.

హాలు గుమ్మంలో కాపలా ఆడవాళ్లు ఫోన్ తీసుకుని, బ్యాగు అరలన్నీ వెతికారు. అఫ్నాన్ ఒళ్లంతా కప్పే నల్లటి అబాయా విప్పేసి, మడిచి, బ్యాగు అట్టడుక్కి తోసి, పైన లెన్సులు సర్దుకుని, పట్టీలు బిగించుకుని లోపలికి నడిచింది. ఆ గంట గురించి నిజమే చెప్పాలి: బ్యాగు బ్రహ్మాండంగా పనిచేసింది. బరువు వీపంతా పంచుకుంది. ఎక్కడికి కావాలంటే అక్కడికి, ఎవరి ఒడి దగ్గరికీ వెనక్కి పరిగెత్తకుండా తిరిగింది. "స్కూలుకి ఆలస్యమైందా అమ్మాయ్?" అని ఒకావిడ వెక్కిరిస్తే, "హోంవర్కు చెయ్యలేదండీ, కొడతారు" అని నవ్వేసి, ఆవిణ్ణే నవ్వుతుండగా తీసింది. లులువా దూరంనుంచి చూసి తలాడించింది.

డప్పులు వాయించే ఆడవాళ్లు వేదిక పక్కన బారుగా కూచుని పాట ఎత్తుకున్నారు. వాళ్లని తియ్యడానికి అఫ్నాన్ కెమెరా ఎత్తింది. చట్రంలో ఒక్కొక్క మొహమే వచ్చింది. బృందం పెద్ద షమ్మా. ఆవిడ పక్కన ఇంకొకావిడ. ఆ పక్కన ముదురాకుపచ్చ గౌను.

కెమెరా దించి చూసింది. మళ్లీ ఎత్తి చూసింది. ఉమ్ రాకాన్ ఒళ్లో డప్పు పెట్టుకుని, చెయ్యి గాల్లో ఆడిస్తూ, డప్పుకి తగలకుండా జాగ్రత్తపడుతోంది. షమ్మా ఆవిడకి పాత పొరుగింటావిడ. అబాయా మాత్రం భుజం మీద వేసుకునే ఉంది, ఏ క్షణాన లేచి పోవాలో అన్నట్టు.

అఫ్నాన్ వంగి, ఫోటో తీస్తున్నట్టు నటిస్తూ, పళ్ల మధ్యనుంచి అంది. "మీరిక్కడేం చేస్తున్నారు?"

"వాయిస్తున్నాను."

"మీకు వాయించడం వచ్చా?"

"నీకు ఫోటోలు తియ్యడం వచ్చా? అయినా పిలిచారు కదా."

"అత్తయ్యా, లులువాగారికి తెలిస్తే నా పని అయిపోతుంది. కార్డు లేకుండా వచ్చినవాళ్లని ఊరుకోరు. వెళ్లిపోండి."

"నేను నీతో రాలేదు. నువ్వెవరో కూడా నాకు తెలీదు. ఎవరీ బూడిదరంగు గూనిపిల్ల?"

"మీరు చూద్దామని వచ్చారు. నేనెక్కడ పడతానా అని."

"ముందు వరసలో చోటు దొరికింది, చూడనా మరి? ఆ బ్యాగుకి మూడో పట్టీ కూడా కుట్టించుకో, నోటికి పనికొస్తుంది."

అఫ్నాన్ చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయింది. అంతలో మైకులో గొంతు వినిపించింది. "పెళ్లికొడుకు వస్తున్నాడు. అందరూ కప్పుకోండి!"

హాలంతా ఒక్కసారి లేచింది. రంగురంగుల బట్టలారేసిన దండెం మీద ఉన్నట్టుండి చీకటి పడ్డట్టు, ఎర్రవీ పచ్చవీ బంగారువీ అన్నీ నల్లబడిపోయాయి. ఫోటోలు తీసే మనిషీ కప్పుకోవాలి. ప్రతి పెళ్లిలోనూ కప్పుకుంటూనే ఉంది. కానీ ఎలా కప్పుకుంటూ వచ్చిందో అఫ్నాన్‌కి ఇప్పుడే గుర్తొచ్చింది. ఆ కేక వినపడగానే అత్తగారు వెనకనుంచి వచ్చి, కోడిపిల్ల మీద గంప బోర్లించినట్టు అబాయా వేసేసేది. కన్ను కెమెరాలోంచి తియ్యకుండానే అఫ్నాన్ చేతులు దూర్చేది. అదో పని అని, దాన్నొక మనిషి చేస్తోందని, ఏనాడూ లెక్కలోకి రాలేదు. పొద్దున ఎండ వస్తుంది, పెళ్లికొడుకు వస్తుంటే అబాయా మీద పడుతుంది, అంతే.

ఇవాళ అబాయా బ్యాగు అడుగున ఉంది. బ్యాగు వీపున ఉంది. బ్యాగు నోరు బ్యాగుకీ వీపుకీ మధ్యన ఉంది.

గుండె మీద బెల్టు ఊడింది. నడుము బెల్టు గౌను లేసులో ఇరుక్కుంది. లాగితే లేసు చిరిగింది గానీ బెల్టు రాలేదు. దొంగ తెరవలేని బ్యాగు అని అబూ నాసర్ అబద్ధమేమీ చెప్పలేదు. డప్పుల హోరు పెరిగింది. పెళ్లికొడుకు లోపలికి అడుగుపెట్టడం, పెళ్లికూతురు లేచి నిలబడటం, ఈ రెంటి మధ్యా ఉన్న ఆ కాస్తసేపటి కోసమే తల్లులు ఫోటోలు తీయిస్తారు. దాన్ని మళ్లీ తీయలేరు. ఒకసారి వేరే పెళ్లిలో పెళ్లికొడుకుని మళ్లీ రమ్మంటే, "రెండుసార్లు వచ్చినవాడు రెండు పెళ్లిళ్లు చేసుకుంటాడు" అని పెద్దావిడొకతె కర్ర ఎత్తింది.

తలుపులు తెరుచుకున్నాయి. ముందు జరీ అంచు కనపడింది, తర్వాత చెప్పు.

అఫ్నాన్ మీద చీకటి పడింది. ఊదూ మెంతులూ కలిసిన వాసన. చేతులు వాటంతటవే అబాయా చేతుల్లోకి దూరాయి, ముసుగు తల మీదికి వచ్చి కూచుంది. అబాయా బ్యాగు మీంచే పడింది, కాబట్టి వెనకనుంచి చూస్తే ఒంటె నిలబడ్డట్టే ఉండి ఉంటుంది. పొట్టి అబాయా, చీలమండలదాకా కూడా రాలేదు. ఇవేవీ చూసుకునే తీరిక లేదు. కెమెరా ఎత్తింది. పైన వేసుకున్న జరీ అంగీ, బిష్త్, అంచుని వేళ్లతో పట్టుకుని భయపడుతూ వస్తున్న కుర్రాడు, వేదిక మీద లేచి నిలబడి, నవ్వు ఆపుకోలేక కింది పెదవి కొరుక్కుంటున్న పెళ్లికూతురు దానా. రెండూ దొరికాయి.

ఓరగా చూస్తే, ముసుగులేని నెరిసిన జుట్టు, బంగారు గాజుల చెయ్యి, ఖర్జూరాల బల్ల మీది తెల్లగుడ్డ కిందికి జారిపోతున్నాయి.

పెళ్లికొడుకు తండ్రి వచ్చాడు, అన్నలు వచ్చారు. నిలబెట్టి, కూచోబెట్టి తీసింది. ఎంతసేపటికో మగవాళ్లు వెళ్లారు. హాలు మళ్లీ రంగుల్లోకి వచ్చింది. లులువా కెమెరా వెనక తెరలో ఒక్కో ఫోటో చూసింది. దానా పెదవి కొరుక్కున్న ఫోటో దగ్గర ఆగి, కళ్లొత్తుకుంది.

"నీ గురించి ఏదేదో చెప్పారమ్మాయ్. నేను నమ్మలేదులే. చిన్నదాని పెళ్లికీ నువ్వే."

అప్పుడు ఖర్జూరాల బల్ల తుమ్మింది.

లులువా గుడ్డ ఎత్తింది. ఉమ్ రాకాన్ నాలుగు కాళ్ల మీద బయటికొచ్చి, లేచి, గౌను దులుపుకుని, బల్ల కిందనుంచి రావడం తన ఇంటి ఆచారమన్నట్టు నిలబడింది.

"ఎవరు నువ్వు? కార్డేది?"

"డప్పులవాళ్ల మనిషిని."

లులువా షమ్మా వైపు చూసింది. షమ్మా దీపాల వైపు చూసింది. "అలాగైతే వాయించు" అని లులువా ఓ డప్పు తీసి చేతికిచ్చింది. ఉమ్ రాకాన్ వాయించింది. పిండి జల్లించిన చప్పుడొచ్చింది. హాలు నవ్వింది. ఇంతలో ఎవరో, "బల్ల కింద దాక్కోవడం దేనికి? ఫోన్ దాచి తీస్తోందేమో! రేపు మన మొహాలన్నీ ఊరంతా తిరుగుతాయి!" అన్నారు. నవ్వు తెగిపోయింది. అందరి చేతులూ అబాయాల కోసం వెళ్లాయి.

కాపలా ఆడవాళ్లిద్దరు వచ్చి, ఉమ్ రాకాన్ చేతులు పక్కకి చాపించి, నడుమూ జేబులూ తడిమారు. ఊళ్లో అందరికీ ఎక్కడ నిలబడాలో చెప్పిన మనిషి, దిష్టిబొమ్మలా చేతులు చాపి నిలబడింది. జేబులోంచి రెండు ఖర్జూరాలు తప్ప ఏమీ రాలేదు.

"నీ అబాయా ఏది?" అంది లులువా.

"పోయింది."

"నీతో ఎవరొచ్చారు?"

ఉమ్ రాకాన్ కోడలి వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి మెడ బిగబట్టింది. "ఎవరూ లేరు. ఒక్కదాన్నే వచ్చాను. నాకెవరున్నారు?"

"గెంటండి."

"బయట మగవాళ్లున్నారండి. ఈవిడకి కప్పుకోవడానికేం లేదు" అంది ఒక కాపలా మనిషి.

"పిలవని పెళ్లికి వచ్చేటప్పుడు తెలియదా? గెంటండి!"

కోడలై అత్తింటికొచ్చిన నాటినుంచి అఫ్నాన్ కోరుకున్నది అక్షరాలా ఇదే. ఎవరో ఒకరు ఈవిణ్ణి రెక్క పట్టుకుని హాలు బయట పెట్టాలి. ఇప్పుడు అడక్కుండానే పెడుతున్నారు. నోరు మూసుకుని నిలబడితే చాలు, చిన్నదాని పెళ్లి తనదే, చెల్లెళ్ల కూతుళ్ల పెళ్లిళ్లూ తనవే. కాపలా మనిషి ఉమ్ రాకాన్ మోచెయ్యి పట్టుకుంది. గాజులు గలగలలాడాయి.

"వదలండి" అంది అఫ్నాన్. "ఆవిడ మా అత్తగారు. నా మీదున్న ఈ అబాయా ఆవిడది."

లులువా ఆ పొట్టి అబాయానీ, దాని వెనక మూపురాన్నీ అప్పుడు చూసింది. "మరి నీదేది?"

"ఇంకా బ్యాగు అడుగునే ఉంది. నేను తీసుకోలేకపోయాను. ఆవిడ ఇది నా మీద వెయ్యకపోతే మీ అల్లుడు రావడం నా కెమెరాలో ఉండేది కాదు."

"అంటే నువ్వు సిద్ధంగా లేవన్నమాట. నా కూతురి పెళ్లిలో."

"లేను."

లులువా మొహం గట్టిపడింది. "చిన్నదాని సంగతి తర్వాత చూద్దాం" అని, అది చూసే ఉద్దేశం లేని గొంతుతో, కాపలావాళ్లని వెళ్లమని సైగ చేసింది.

ఉమ్ రాకాన్ మోచెయ్యి రుద్దుకుంది. గాజులు సరిచేసుకుంది. అప్పుడు తిరిగింది కోడలి వైపు. "దాని మాట నమ్మకండమ్మా. దానికి అత్తగారెందుకు? బ్యాగుందిగా."

"అత్తయ్యా, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం."

"ఇంటి దగ్గర నేను నీతో మాట్లాడట్లేదు. ఇక్కడే చెప్పు. దుకాణంలో పదిమంది ముందు అన్నావు కదా, ఇక్కడా పదిమంది ఉన్నారు."

"నాకు రావాల్సిన పెళ్లి ఇప్పుడే పోయింది. చాల్లేదా మీకు?"

"చాల్లేదు."

అఫ్నాన్ దవడలు బిగించింది. "తప్పు నాదే."

"ఏంటీ? బల్ల కింద కూచుని కూచుని చెవులు దిమ్మెక్కాయి."

వీపున బరువు, మెడకి కెమెరా, ఒంటి మీద పరాయి అబాయా, చుట్టూ ఊపిరి బిగబట్టిన ఊరు. అఫ్నాన్ కోపం పట్టలేక, దీపాల గొలుసులు కదిలేలా అరిచింది.

"తప్పు నాదే అత్తయ్యా! మిమ్మల్ని ఇంట్లో కూచోబెట్టి వచ్చేయొచ్చు అనుకున్నానే, అది ముమ్మాటికీ నా తప్పే!"